మాట ఎవరిది? – బ్రిటిష్ బాలల టెలివిజన్‌లో బొమ్మ వ్యాఖ్యాతలు

ఉపోద్ఘాతం

రెండవ ప్రపంచ యుద్ధం వలన 1939 సెప్టెంబరులో నిలిచిపోయిన బి.బి.సి. టెలివిజన్ ప్రసారాలు 1946 జూన్‌లో పునఃప్రారంభమయ్యాయి. ఆ ఏడాది అక్టోబరులోనే మఫిన్ అనే కంచరగాడిద బొమ్మ బాలల కార్యక్రమంలో తొలిసారి కనిపించింది. నాటి ప్రేక్షకులు ఇటువంటి బొమ్మలను నేటికీ ఆప్యాయంగా స్మరించడానికి బాల్యంపై మమకారం ఒక్కటే కారణం కాదు. బొమ్మకూ, దాని పక్కనున్న మనిషికీ మధ్య మాట పంపకం జరిగిన తీరు కూడా అందుకు కారణమని చెప్పవచ్చు.

మాటలేని బొమ్మలు

మఫిన్ 1933లో తయారైన దారాల బొమ్మ. ఆన్ హోగార్త్ చాటు నుండి దారాలు కదిలిస్తుంటే అది పియానో మూతపై గంతులు వేసేది. దానికి మాట లేదు. పియానో వాయిస్తూ పాడే ఆనెట్ మిల్స్ చెవిలో గుసగుసలాడేది. ఆమె ఆ భావాన్ని పిల్లలకు వినిపించేది. ఇంద్రజాలికుడు హ్యారీ కార్బెట్ 1948లో బ్లాక్‌పూల్‌లో 7 షిల్లింగుల 6 పెన్నీలకు కొన్న చేతితొడుగు ఎలుగుబంటిదీ ఇదే పద్ధతి. 1952లో అది టెలివిజన్‌కు చేరింది. నలుపు-తెలుపు తెరపై స్పష్టంగా కనిపించేందుకు చెవులకు, ముక్కుకు మసి పూయడంతో దానికి 'సూటీ' అనే పేరు స్థిరపడింది. ఈ కార్యక్రమాలలో బొమ్మ ఏమన్నదో పిల్లలు ముందుగా ఊహించి, ఆపై పెద్దల మాటతో సరిచూసుకొనే అవకాశం ఉండేది.

మాటకారి నక్క

1968 నుండి 1980 వరకు బి.బి.సి.లో సాగిన బేసిల్ బ్రష్ కార్యక్రమం ఈ సంబంధాన్ని తారుమారు చేసింది. ఇందులో నక్క బొమ్మే వాచాలుడు. డెరెక్ ఫౌల్డ్స్ వంటి సహనటులు దాని చమత్కారాలకు గురి అయ్యేవారు. గొంతునిచ్చిన ఐవన్ ఓవెన్ ప్రచారానికి దూరంగా ఉండటంతో బొమ్మకు స్వతంత్ర వ్యక్తిత్వం ఏర్పడింది. అయితే ఈ పరిణామం ఏకముఖంగా సాగలేదు. 1985లో ఫిలిప్ స్కోఫీల్డ్ పక్కన కనిపించిన గోర్డన్ ది గోఫర్ కీచుశబ్దాలు మాత్రమే చేసేది. వాటికి అర్థం చెప్పే బాధ్యత మళ్లీ మనిషిదే అయింది.

ముగింపు

తొలినాటి ప్రత్యక్ష ప్రసారాలలో అనేకం రికార్డు కాలేదు. అందువలన ప్రేక్షకుల జ్ఞాపకాలు ఈ చరిత్రకు ముఖ్య ఆధారాలవుతున్నాయి. ప్రసారమంతా భద్రపడి ఉన్నా మఫిన్, సూటీల గుసగుసలు అందులో వినిపించవు. వాటిని విన్నది పిల్లల ఊహ మాత్రమే. కనుక ఇక్కడ జ్ఞాపకాన్ని లోపించిన రికార్డుకు ప్రత్యామ్నాయంగా కాక, ఆ కార్యక్రమాలలో అంతర్భాగంగా పరిగణించడం సముచితం.