ఐలమ్మ నాలుగెకరాలు

పాలకుర్తి అనగానే చదువుకున్నవారికి సోమనాథ కవి గుర్తుకు వస్తాడు. ఆ దగ్గరనే పోతన గారి బమ్మెర ఉన్నది. ఇంతటి కవుల ప్రక్కన ఇప్పుడు ఒక చాకలి తల్లి పేరు కూడ నిలిచియున్నది. ఆమె కావ్యమేమియు వ్రాయలేదు. తాను పండించిన పంటను తన ఇంటికి తెచ్చుకొన్నది, అంతే. ఆ మాత్రము పనికి ఆ రోజులలో ఎంత ధైర్యము కావలసి వచ్చినదో మన ఇండ్లలోని ఆడపిల్లలకు తెలియవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 2016లో ఏర్పడినవి. నిజాము కాలములో జనగామ నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా. అక్కడ విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డి మాటే చట్టము. అతని క్రింద 40,000 ఎకరాలు ఉండెడివని చెప్పుదురు. చాకలివారు గడీ బట్టలు ఉతకవలెను, అంట్లు తోమవలెను. కుమ్మరి, మంగలి, మాదిగ, ప్రతి కులమునకు ఒక వెట్టి. కూలి లేదు సరికదా, "నీ కాల్మొక్త బాంచెన్ దొరా" అననిదే మాట మొదలు పెట్టరాదు. స్త్రీల పాట్లు మరింత ఘోరము. దేశముఖు తల్లి జానమ్మ కడవెండి గడీలో ఉండి కూలి స్త్రీలను పెట్టిన బాధలు నేటికిని కథలుగా చెప్పుకొందురు. స్త్రీ అయినంత మాత్రాన స్త్రీ కష్టము తెలియునని అనుకొనుట పొరపాటు.

చిట్యాల ఐలమ్మ 1895లో రాయపర్తి వైపు కృష్ణాపురములో పుట్టి, నరసింహను పెండ్లాడి పాలకుర్తికి వచ్చినది. కులవృత్తి బట్టలుతుకుట. కాని ఉతికిన బట్టకు వచ్చు గింజలతో బిడ్డల కడుపులు నిండవు. ఆమె మల్లంపల్లి భూస్వామి వద్ద భూమి కౌలుకు తీసుకొని నాలుగెకరాలు సాగు చేసినది. చాకలిది సేద్యము చేయుటయా! ఊరి పెద్దలకు అది మొదటి కంటకము. రెండవది, ఆమె సంగములో చేరినది. సంఘము అనగా మనకు గుడి గుర్తుకు వచ్చును గాని, ఆ పల్లెలలో సంగమనగా ఆంధ్ర మహాసభ. ఊరి పట్వారి తన పొలములో వెట్టి చేయుమని పిలిచినప్పుడు ఆమె రానన్నది.

ఇక చూడండి. సంగపు నాయకులమీద, ఆమె కుటుంబముమీద కేసులు పెట్టినారు. అవి కోర్టులో నిలువలేదు. అప్పుడు దేశముఖు ఆ భూమి తనదేనని కాగితము పుట్టించి, పంట కోసుకొని రమ్మని నూరుమంది గూండాలను, మరి నూరుమంది పనివారిని పంపినాడు. ఎదురు నిలిచినవారు ఇరువది ఎనమండుగురు సంగపు వాలంటీర్లు, చేతులలో గుతపలు. గూండాలు పారిపోయినారు. పంట కోసి ఐలమ్మ ఇంటికి చేర్చినారు. ఆ రాత్రి పోలీసులు వచ్చిననూ గింజ ముట్టలేకపోయినారు. మరునాడు నాయకులను పట్టుకొనిపోయి చిత్రహింసలు పెట్టినారు. తరువాతి రోజులలో ఆమె ఇల్లు తగులబెట్టినారు. ఒక కుమారుని కూడ ఆమె పోగొట్టుకొన్నది. అయినను భూమి విడువలేదు.

ఆ వెంటనే 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగినాడు. పల్లెలన్నియు లేచినవి. 1948 తరువాత పోరాటము గోదావరి అడవులవైపు సాగినది. దళములలో స్త్రీలును ఉండిరి. కమలమ్మ అను ఆమె అడవిలో కన్నబిడ్డను పరుల చేతిలో పెట్టవలసి వచ్చినది. 1951లో పోరాటము విరమించినారు. మగవారు కొందరు ఎన్నికలకు వెళ్ళినారు. చాలమంది స్త్రీలను మాత్రము ఇండ్లకు పొమ్మన్నారు. 1986లో వెలువడిన "మనకు తెలియని మన చరిత్ర"లో ఐలమ్మతో సహా ఆ స్త్రీలు తమ నోటితోనే ఈ సంగతులు చెప్పియున్నారు. చదివినవారు ఆ బాధను మరువలేరు.

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న మరణించినది. ఆంధ్ర ప్రదేశ్‌లో అవివాహితయైన హిందూ కుమార్తెకు ఉమ్మడి ఆస్తిలో కుమారునితో సమాన హక్కు నిచ్చిన సవరణ 1986లో చట్టమై, 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చినది. ఆమె మరణమునకు ఐదు దినములు ముందటి తేదీ అది! దేశమంతటికి ఆ హక్కు 2005లో గాని రాలేదు. 2006 అటవీ హక్కుల చట్టము ప్రకారము భూపాలపల్లి, మహబూబాబాద్ ప్రాంతముల పోడు భూములకు పట్టా ఇచ్చునప్పుడు భార్యాభర్తలిద్దరి పేర్లును వ్రాయవలెను. ఇది చిన్న సంగతి కాదు. పట్టాలో పేరు లేని స్త్రీ ఎన్నేండ్లు నాటు వేసినను, కలుపు తీసినను, బ్యాంకువాడు ఆమెను రైతుగా ఎంచడు. హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు 2024లో ఐలమ్మ పేరు పెట్టినారు. సంతోషమే.

మన క్రైస్తవ కుటుంబముల సంగతి కూడ ఒక మాట. 1925 భారత వారసత్వ చట్టము మనకు వర్తించును. వీలునామా లేకుండ తండ్రి మరణించినచో కుమారునికెంతో కుమార్తెకును అంతే. ఎవరితో పోరాడి తెచ్చుకొనవలసిన పని లేదు, పుస్తకములో ఉన్నది. అయినను, తండ్రి సమాధి కార్యక్రమము ముగిసిన వారములోనే, "పెండ్లికి ఇచ్చితిమి గదమ్మా" అని చెల్లెలిచేత కాగితముమీద సంతకము పెట్టించుకొన్న అన్నలను నేను మా ఊరిలోనే చూచియున్నాను. ఆమె చదువుకున్నదే. కాగితము చదువక సంతకము పెట్టినది.