వీధుల అల్లిక - నగరముల పెరుగుదల

నిలువుగా మూడు, అడ్డముగా మూడు గడులుగల చదరమును గీచి, గీతలే వీధులనుకొందము. ఒక మూలనుండి ఎదుటి మూలకు పోవుటకు మిక్కిలి దగ్గర దారులు 20 గలవు. వీధులు చెట్టుకొమ్మలవలె చీలినచో దారి ఒక్కటే. ఆ దారికి అడ్డము వచ్చిననాడు ఫైరింజను సైతము నిలిచిపోవలసినదే!

1807లో న్యూయార్కు రాష్ట్ర శాసనసభ నగరమునకు వీధులు నిర్ణయించుటకై ముగ్గురు కమిషనర్లను నియమించెను. అప్పటికి ఊరు మన్‌హటన్ దీవి దక్షిణపు కొనయందే యుండెను. మిగిలినది చాలవరకు పొలములు, గుట్టలు. వారు 1811లో 12 నిలువు మార్గములు, 155 అడ్డవీధులుగల పటమును ప్రకటించిరి. ముందు వీధులు, పిమ్మట ఇండ్లు!

తరువాత మోటారుకార్లు పెరిగెను. వీధిలో ఆడుకొను పిల్లలకు ప్రాణభయ మేర్పడెను. 1929లో న్యూజెర్సీయందలి రాడ్‌బర్నులో క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ అను నిపుణులు అవతలకు దారిలేని సందుల చుట్టును ఇండ్లు కట్టించిరి. ఆ సందులలో కార్ల రద్దీ యుండదు. నడచువారికి వేరుగా కాలిబాటలును వేయించిరి.

1934లో ఏర్పడిన ఫెడరల్ గృహనిర్మాణ సంస్థ అట్టి సందులనే సిఫారసు చేసెను. కాని గృహనిర్మాతలలో పెక్కుమంది సందులను గ్రహించి, కాలిబాటలను విడిచిరి. ఫలితముగా పెరటిగోడ కావలి యింటికి పోవుటకును కారెక్కి చుట్టు తిరుగవలసి వచ్చెను.

దీనిని కొలుచుట సులభము. నాలుగు వీధులు కలియు కూడలికి 4, మూడు కలిసినచోట 3, దారి ముగిసినచోట 1 చొప్పున వేసి సగటు కట్టవలెను. సగటు తగ్గినకొలది అల్లిక సడలినట్లు. 2015లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము, అమెరికాలో క్రొత్తగా వేసిన వీధులలో ఈ అల్లిక 1990ల నడుమ మిక్కిలి సడలి, పిదప మరల బిగువెక్కెను.

ఇండ్లు పడగొట్టి తిరిగి కట్టవచ్చును. వీధిని మార్చుట కష్టము. మన్‌హటన్ వీధులు రెండు శతాబ్దములు గడచినను పెక్కుచోట్ల నాటి గీతలమీదనే యున్నవి. నేడు పొలములో నాటు సరిహద్దురాళ్లు మనుమల నడకను నిర్ణయించును. విద్యార్థులు తమ పేట పటము గీచి, కూడలుల సగటు కట్టి చూచినచో ఈ సంగతి స్పష్టమగును.