పరదేశ సేవ, పిల్లల పెంపకం: పెనుకొండ సీమ చరిత్రలో ఒక పాయ

నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల చుట్టూ విస్తరించిన మెట్టసీమ దేశంలోకెల్లా తక్కువ వర్షం కురిసే ప్రాంతాల్లో ఒకటి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు పడే ఆ కాస్త వాన కూడా అదను తప్పి పడటంతో, 1565 యుద్ధం తరువాత విజయనగర రాజధానిగా వెలిగిన పెనుకొండ సైతం బ్రిటిష్ దస్తావేజులకెక్కే నాటికి కరువు తాలూకాగానే మిగిలింది. 1876–78 మధ్య మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రాణాలను బలిగొన్న మహాకరువు, అప్పటికి ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉన్న ఈ తాలూకాలను కూడా అల్లాడించింది. అనంతపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది ఆ తరువాత, 1882లో. ఇలా కరువు ఈ సీమకు మారుపేరైన కొద్దీ దూరదేశాల నుంచి వైద్యులు, ఉపాధ్యాయులు, సేవకులు రావడం కూడా ఇక్కడి చరిత్రలో భాగమైపోయింది. ఎవరు వచ్చారు, ఎన్ని ఆసుపత్రులు కట్టారు, ఎన్ని బావులు తవ్వారు అన్న లెక్కలు గ్రంథాలలో దొరుకుతాయి. ఆ వచ్చినవారిలోని స్త్రీలు తమ పిల్లలను, మనవలను ఏ ఏర్పాటుతో చూసుకున్నారన్నది మాత్రం చరిత్రకారులు అంతగా పట్టించుకోని సంగతి. నిజానికి పరదేశ సేవ ఏ కాలంలో ఏ రూపు దాల్చిందో నిర్ణయించడంలో ధనం, మతం ఎంత పనిచేశాయో ఈ ఇంటి ఏర్పాటు కూడా అంతే పనిచేసింది.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ సీమకు పరదేశ సేవ క్రైస్తవ మిషన్ల ద్వారా వచ్చింది. మిషన్ అంటే స్వదేశంలోని చర్చి సభ్యుల చందాలతో పరాయి గడ్డ మీద మతప్రచారం, విద్య, వైద్యం సాగించే సంస్థ. 1810లో బళ్లారిలో అడుగుపెట్టిన లండన్ మిషన్ క్రమంగా గుత్తి, అనంతపురం, జమ్మలమడుగు వరకు విస్తరించగా, తూర్పున మదనపల్లె వైపు అమెరికా వారి ఆర్కాటు మిషన్ స్థిరపడింది. ఈ మిషన్ల స్త్రీలలో రెండు తెగలు కనిపిస్తాయి. పెళ్లి చేసుకోకుండా జీవితమంతా పనికే అర్పించిన డాక్టర్లు, నర్సులు, ఉపాధ్యాయినులు ఒక తెగ. భర్త ఉద్యోగం వెంట వచ్చి, జీతం లేకుండానే బడులు, కుట్టుపని తరగతులు నడిపిన భార్యలు రెండో తెగ. మొదటి తెగవారికి పిల్లల సమస్య లేదు. రెండో తెగవారు బిడ్డకు ఆరేడేళ్లు నిండేసరికి తెంపు చేసుకోవలసి వచ్చేది: ఎండలకు, జ్వరాలకు, చదువుకు భయపడి బిడ్డను సముద్రం దాటించి బంధువుల ఇంట వదలాలి, లేదా కొండల మీది బడికి పంపాలి. 1901లో కొడైకెనాల్‌లో అమెరికా మిషనరీల పిల్లల కోసం వెలసిన పాఠశాల ఈ అవసరం నుంచే పుట్టింది. ఫర్లో, అంటే కొన్నేళ్ల సేవ తరువాత మిషన్ ఇచ్చే దీర్ఘకాలపు సెలవు, వచ్చినప్పుడే చాలా కుటుంబాలు ఒకచోట చేరేవి.

ఈ విడివడటం ఎంత లోతుగా నాటుకుందో ఆర్కాటు మిషన్‌లో పనిచేసిన అమెరికా స్కడ్డర్ల కుటుంబ చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1819లో సింహళానికి వచ్చిన జాన్ స్కడ్డర్ కుమారులలో ఏడుగురు మిషనరీలయ్యారు. ఆయన మనవరాలు ఐడా 1870లో రాణిపేటలో పుట్టి, మహాకరువును పసితనంలోనే కళ్లారా చూసి, అమెరికాలో చదువుకునే వయసులో తల్లిదండ్రులు తనను బంధువుల వద్ద వదిలి మళ్లీ ఓడ ఎక్కడం కూడా చూసింది. భారతదేశానికి తిరిగి రానన్న పట్టుదలతో పెరిగిన ఆమే 1900లో వైద్యురాలిగా వచ్చి వేలూరులో చిన్న గదిలో చికిత్స ప్రారంభించి, 1902లో ఆసుపత్రిని, 1918లో స్త్రీల వైద్య పాఠశాలను నెలకొల్పింది. పెద్ద జబ్బు చేస్తే హిందూపురం, ధర్మవరం వాసులు నేటికీ రాయవేలూరికి బయలుదేరడం ఆ ప్రారంభానికి కొనసాగింపే. ఐడా పెళ్లి చేసుకోలేదు. అయితే 1900లో భర్తను పోగొట్టుకున్న తల్లి సోఫియా స్వదేశానికి వెళ్లిపోకుండా, 1925లో కన్నుమూసే వరకు కూతురితోనే ఉండి ఇల్లు చక్కబెట్టింది. పిల్ల చదువుకునే వయసులో తల్లి దగ్గర లేదు, తల్లి ముసలితనంలో మాత్రం ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు. మిషనరీల సేవ కుటుంబం నుంచి వసూలు చేసుకున్న మూల్యాన్ని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు.

ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో అనంతపురం జిల్లా ఈ పద్ధతిని తలకిందులు చేసిన ఒక కుటుంబాన్ని చూసింది. 1920లో బార్సిలోనాలో పుట్టి, కాథలిక్ మత సంఘమైన జెసూట్ సభ సభ్యుడిగా 1952లో బొంబాయి చేరిన విన్సెంట్ ఫెర్రర్ మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతుల బావుల పనులతో పేరు తెచ్చుకోగా, ఆ పలుకుబడి కంటగింపై 1968లో ఆయనకు దేశబహిష్కార ఉత్తర్వు జారీ అయింది. వేలాది రైతులు బొంబాయికి పాదయాత్ర చేసి నిరసన తెలిపిన ఆ ఘట్టంలోనే, ఒక పత్రికకు వార్తలు రాస్తున్న ఆంగ్ల యువతి అన్నే పెర్రీ ఆయనను కలుసుకుంది. ప్రధాని ఇందిరాగాంధీ జోక్యంతో తిరిగి వచ్చే అవకాశం కలిగాక, 1969లో వారు ఎవరూ కోరి రాని అనంతపురాన్ని ఎంచుకుని గ్రామీణాభివృద్ధి సంస్థను, జిల్లా వాసుల నోట ఆర్‌డీటీని, ప్రారంభించారు. ఫెర్రర్ జెసూట్ సభను వీడి 1970లో అన్నేను పెళ్లాడారు. బ్రహ్మచర్యం మీద నిలిచిన కాథలిక్ మిషనరీ వ్యవస్థ నుంచి బయటకు వచ్చిన ఈ అడుగును వ్యక్తిగత ప్రేమకథగా చెప్పడం పరిపాటి. సేవ చరిత్ర వైపు నుంచి చూస్తే మాత్రం అది సంస్థ స్వరూపాన్నే మార్చిన నిర్ణయం.

వారి ముగ్గురు పిల్లలు అనంతపురంలోనే పెరిగారు. కుమారుడు మోంచో తెలుగు మాట్లాడుతూ ఎదిగి, కాలక్రమంలో సంస్థ కార్యక్రమాల బాధ్యత చేపట్టాడు. 2009 జూన్ 19న ఫెర్రర్ మరణించినప్పుడు భౌతికకాయాన్ని స్పెయిన్‌కు తరలించకుండా, ధర్మవరం సమీపంలోని బత్తలపల్లిలో, 2000లో తామే ప్రారంభించిన ఆసుపత్రి ఆవరణలో ఖననం చేశారు. అరవై దాటిన అన్నే ఆ తరువాత సంస్థ బాధ్యతలను భుజాన వేసుకున్నారు. నాయనమ్మ హోదా వచ్చిన వయసులో ఆసుపత్రులు, బడులు, ఇళ్ల నిర్మాణం, మహిళా సంఘాలు గల ఇంత పెద్ద వ్యవస్థను నడపడం ఆమెకు ఎలా వీలైందంటే, సమాధానం ఓపికలో కన్నా భౌగోళికంలో ఉంది: పని ఉన్న ఊరిలోనే కుటుంబమూ ఉంది. సెలవు కోసం, ఓడ కోసం, ఉత్తరం కోసం ఎదురుచూడవలసిన దూరం వారి మధ్య లేదు. ఆమె విడిచిపెట్టినది పుట్టిన దేశాన్ని. ఆ నష్టం చిన్నదేమీ కాదు గానీ, అది ఒక్కసారే, యౌవనంలోనే జరిగిపోయింది.

ఇదే సీమలో మూడో పద్ధతి సత్యసాయిబాబా ఆశ్రమం ఉన్న పుట్టపర్తి ద్వారా వచ్చింది. సొంత రైల్వే స్టేషన్ లేని రోజుల్లో భక్తులు పెనుకొండలో రైలు దిగి, బుక్కపట్నం మీదుగా ఎద్దుబండ్లలోనో బస్సులోనో చిత్రావతి ఒడ్డుకు చేరేవారు; మరికొందరికి ధర్మవరం జంక్షన్ దగ్గరి దారి అయ్యేది. 1956లో చిన్న సాధారణ ఆసుపత్రితో మొదలైన వైద్యసేవ, 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రితో దేశవిదేశాల వైద్యులను ఆకర్షించింది. 1990ల మధ్యలో జిల్లాలోని 700కు పైగా గ్రామాలకు తాగునీరు అందించిన పథకం దాని వెంటే వచ్చింది. ఇక్కడ సేవ వంతుల మీద నడుస్తుంది. అంటే కార్యకర్త కొన్ని రోజులో కొన్ని వారాలో పనిచేసి తన ఇంటికి వెళ్లిపోతాడు, మరొకరు ఆ స్థానంలోకి వస్తారు. పిల్లలు స్థిరపడి ఉద్యోగ విరమణ పొందిన అమ్మమ్మలు, నాయనమ్మలు విదేశాల నుంచి వచ్చి పనిచేయడానికి సరిగ్గా సరిపోయిన ఏర్పాటు ఇదే. మనవడి పుట్టినరోజుకు ఇంట్లో ఉండి, ఆ మరుసటి నెలలో మరో ఖండంలో రోగులకు సాయపడటం ఓడల కాలంలో ఊహకు అందని పని. విమానయానం, పింఛను, 2008లో హిందూపురానికి దక్షిణాన దేవనహళ్లి వద్ద తెరుచుకున్న విమానాశ్రయం కలిసి దాన్ని సాధ్యం చేశాయి. ఆర్‌డీటీకి స్పెయిన్ నుంచి వచ్చే దాతల రాకపోకలు కూడా ఈ కోవలోనివే: ఒక పిల్లవాడి పేరు మీద నెలనెలా చందా పంపుతూ ఉత్తరాలు రాసే దాత, ఎప్పుడో ఒకసారి వచ్చి ఆ పిల్లవాడి ఊరు చూసి వెళ్తాడు. తేలికగా వచ్చి తేలికగా వెళ్లే సేవకు భాష రాదు, పక్క ఊరి కక్షలు తెలియవు, వేరుశనగ ఎండిన ఏడాది ఇంట్లో ఏం జరుగుతుందో అర్థం కాదు అన్న విమర్శలో నిజం ఉంది. కుటుంబాన్ని కాపాడుకున్న పద్ధతి పనిలో లోతును కొంత కోల్పోయిందని ఒప్పుకోక తప్పదు.

అయితే ఈ చిత్రంలో సగం ఇంకా మిగిలే ఉంది. వచ్చినవారి పని నిలబడింది స్థానిక స్త్రీల మీద. ఆర్‌డీటీ తన ఆరోగ్య కార్యక్రమాన్ని గ్రామాల నుంచే ఎంచుకున్న ఆరోగ్య కార్యకర్తల మీద ఆధారపడి నడిపింది. వీరు బాలింతలను, పసిపిల్లలను చూసుకుంటూ, జబ్బు ముదిరినవారిని ఆసుపత్రికి చేర్చే పల్లె స్త్రీలు. చంటిబిడ్డ తల్లి అయిన కోడలు శిక్షణకు, సమావేశానికి వెళ్లాలంటే ఇంట్లో అవ్వో జేజో ఉండి తీరాలి. ధర్మవరం మగ్గాల ఇళ్లలో కండెలు చుడుతూనే ఊయల ఊపే ముసలమ్మకు, హిందూపురం సంతకు చింతపండు మోసుకుపోయే కూతురి బిడ్డలను సాకే అమ్మమ్మకు ఏ నివేదికలోనూ చోటు లేదు. పరదేశి వైద్యురాలి సేవకు ఆమె శ్రమ పునాది.

ఇక ఎదురు దిశలో సాగిన ప్రయాణం మరొకటి ఉంది. కదిరి, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లిన స్త్రీలు పరాయి ఇళ్లలోని పిల్లలను, ముసలివారిని సాకుతూ స్వంత బిడ్డలను తల్లికో అత్తకో అప్పగించారు. ముప్పై ఏళ్లు నిండని స్త్రీలను ఈ పనికి పంపకూడదన్న ప్రభుత్వ నిబంధన వల్ల వెళ్లేవారిలో తల్లులే ఎక్కువ. చిన్న వయసు పెళ్లిళ్ల సీమ గనుక, నలభైలోకి అడుగుపెట్టేసరికే అమ్మమ్మలైనవారు వారిలో లేకపోలేదు. ఐరోపా నుంచి వచ్చే పెద్దావిడకు దండలు వేసి స్వాగతం పలికే పల్లె, గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన ఆడమనిషిని అనుమానంగా చూడటం ఈ ప్రాంతపు సాంఘిక చరిత్రలోని చేదు నిజం. ఇద్దరూ సముద్రం దాటారు, ఇద్దరూ పరాయి బిడ్డలను ఆదుకున్నారు. ఒకరికి తిరుగు టికెట్టు తన చేతిలో ఉంది, మరొకరి పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది.

పరదేశ సేవకు ఆధారమైన ధనం మీద ప్రభుత్వ నియంత్రణ కూడా ఈ కాలంలోనే బిగిసింది. విదేశీ విరాళాల స్వీకరణను అనుమతికి లోబరిచిన చట్టం 1976లో వచ్చి, 2010లో కొత్త రూపు దాల్చి, 2020 సవరణతో మరింత కఠినమైంది. స్పెయిన్ ఆర్థిక సంక్షోభం 2008 తరువాత దాతల జేబులను తగ్గించిన అనుభవం ఉన్న ఆర్‌డీటీ, స్వదేశంలోనే నిధులు సేకరించే ప్రయత్నంలో భాగంగా గ్రామాల్లోని కుటుంబాలకు హుండీలు పంచింది. ఒకప్పుడు సాయం అందుకున్న ఇళ్లవారే అందులో వేసిన చిల్లరను అనాథ పిల్లలు మొదలైన ఆపన్నుల కోసం సంస్థకు తిరిగి అందించే ఏర్పాటు అది.