ఎవరి తల వెల? సాతానుతో బేరం: సాహిత్య చరిత్రలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఖమ్మం నుండి సూర్యాపేట వెళ్లే దారిలో కుసుమంచి ఉంది. కాకతీయుల కాలం నాటి గణపేశ్వరాలయం, ముక్కంటీశ్వరాలయం ఈ ఊరికి పేరు తెచ్చాయి. పాత రాతికట్టడాలున్న తెలంగాణ పల్లెల్లో లంకెబిందెల మాట వినబడని చోటు అరుదు. నిధికి ఒక శక్తి కాపలా ఉంటుందని, అది బలి కోరుతుందని, మంత్రగాడు దానితో బేరం కుదురుస్తాడని చెప్పుకుంటారు.

కొన్నేళ్ల క్రితం ఈ ప్రాంతంలో ఒక విశ్వాసి రాత్రివేళ మా ఇంటికి వచ్చాడు. తన చేనులో నిధి ఉందని మంత్రగాడు చెప్పాడట. తవ్వేముందు అయ్యగారు ప్రార్థన చేస్తే కీడు తగలదని అతని ఆశ. మేము ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం తీసి సోదె, మంత్రతంత్రాలు దేవునికి హేయమని బోధించి పంపాము. సరిగానే చెప్పామనుకున్నాము. తరువాత తెలిసింది, మంత్రగానికి ఇచ్చిన డబ్బు కోసం అతడు విధవరాలైన వదిన వాటా భూమిని తాకట్టు పెట్టాడని. ఆమె కూడా మా సంఘస్థురాలే. ఆ రాత్రి మేము అడగవలసిన ప్రశ్న ఒకటి అడగలేదు: ఈ బేరానికి వెల ఎవరు చెల్లిస్తున్నారు? ఆ ప్రశ్నతోనే సాతాను బేరపు కథల చరిత్రను ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాము.

1. క్రైస్తవ లోకపు కథలు

ఈ కథలకు పూర్వరూపంగా పండితులు తరచుగా చూపేది సమరయలోని గారడీ సీమోను (అపొ. కా. 8:9-24). అతడు ద్రవ్యమిచ్చి ఆత్మాధికారాన్ని కొనబోయాడు. సంఘంలో పదవులు కొనడం, అమ్మడం అనే పాపానికి పాశ్చాత్య సంఘం అతని పేరే పెట్టింది.

అపవాదికి పత్రం రాసిచ్చిన కథల్లో పురాతనమైన వాటిలో ప్రసిద్ధి చెందినది థియోఫిలస్ కథ. ఇది 6వ శతాబ్దానికి చెందినదని చెబుతారు. 9వ శతాబ్దిలో గ్రీకు నుండి లాటిన్‌లోకి వచ్చింది. థియోఫిలస్ కిలికియలోని అదన సంఘానికి గృహనిర్వాహకుడు. బిషప్పు పదవి ఇస్తామంటే వినయంతో వద్దన్నాడు. కొత్త బిషప్పు అతణ్ణి ఉన్న పదవి నుండి కూడా తొలగించాడు. అవమానం భరించలేక ఒక మాంత్రికుని ద్వారా సాతానుకు పత్రం రాసిచ్చి పదవి తిరిగి పొందాడు. చివరికి పశ్చాత్తాపపడ్డాడు, పత్రం తిరిగి వచ్చింది.

సేవకులు గమనించవలసిన సంగతి ఇక్కడ ఉంది. ఈ కథలో సాతానుతో బేరమాడినవాడు దొంగ కాదు, రాజు కాదు. సంఘ లెక్కలు చూసే నమ్మకస్థుడు. అతడు కోరింది బంగారం కాదు, పోయిన కుర్చీ. మరొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ మాంత్రికుణ్ణి కథ యూదునిగా చూపించింది. క్రైస్తవుని పాపంలో కొంత భారాన్ని పరాయి జాతి మీద మోపడం ఆ కథ చేసిన మరో అన్యాయం.

సంస్కరణ కాలంలో ఫౌస్టు కథ వచ్చింది. 16వ శతాబ్దపు తొలి భాగంలో జర్మనీలో తిరిగిన ఒక మాంత్రికుని చుట్టూ అల్లుకున్న ఈ కథను 1587లో ఫ్రాంక్‌ఫర్టులో స్పీస్ అనే ముద్రాపకుడు ప్రచురించాడు. ఆ పుస్తకంలో ఫౌస్టు వేదాంతశాస్త్రంలో డాక్టరు. లేఖనాలను పక్కన పడేసి, తన రక్తంతో సంతకం చేసి 24 ఏళ్ల భోగాన్ని కొన్నాడు. దీని ఆధారంగా ఇంగ్లాండులో మార్లో రాసిన నాటకం ఆయన మరణానంతరం 1604లో అచ్చయింది. ఈ రెండింటిలోనూ వెల ఒక్కటే: బేరమాడినవాని సొంత ఆత్మ.

2. మన కథల్లో బేరం

మన కథల్లో బేరం మరో రకం. 11వ శతాబ్దిలో సోమదేవుడు సంస్కృతంలో కూర్చిన కథాసరిత్సాగరంలో భేతాళ కథలున్నాయి. మనం విక్రమార్కునిగా ఎరిగిన రాజును ఒక భిక్షువు శ్మశానానికి రప్పిస్తాడు. శవం తెమ్మంటాడు. సాష్టాంగపడమని చెప్పి, వంగిన మెడ నరికి సిద్ధి పొందాలన్నది అతని తలంపు. భేతాళుని హెచ్చరికతో రాజు, ఎలా సాగిలపడాలో చూపమని అడిగి, వంగిన భిక్షువు తలనే నరుకుతాడు.

ఈ పోకడే తెలుగువారికి 1951లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన పాతాళ భైరవి చిత్రంలో కనబడుతుంది. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథల ప్రేరణ దానికి ఉంది. నేపాళ మాంత్రికుడు కోరికలు తీర్చే బొమ్మ కోసం ఒక సాహసవంతుని తల బలి ఇవ్వాలి. తోటరాముడు రాజకుమారి కోసం సంపద వెదుకుతూ అతని వెంట వెళ్తాడు. చివరికి బలి అయింది మాంత్రికుడే, బొమ్మ దొరికింది రాముడికి. ప్రేక్షకుడు చప్పట్లు కొడతాడు గాని, వెల మళ్లీ తలతోనే చెల్లిందన్న సంగతి మరచిపోతాడు.

పాశ్చాత్య కథలో మనిషి తన్ను తాను తాకట్టు పెడతాడు. మన కథలో ఎదుటివాణ్ణి పెడతాడు. ఇది కథల్లోనే ఆగలేదు. 2022లో కేరళలోని ఎలంతూరులో సిరిసంపదల కోసం ఇద్దరు స్త్రీలను బలి ఇచ్చారన్న అభియోగంతో కేసు నమోదైంది.

3. నాబోతు ద్రాక్షతోట

అయితే ఈ రెండూ వేర్వేరు బేరాలా? గేటే రాసిన ఫౌస్టు మొదటి భాగం 1808లోను, రెండవ భాగం కవి మరణానంతరం 1832లోను వెలువడ్డాయి. సంతకం ఫౌస్టుది. నాశనమైనది మార్గరెట్ అనే అమాయకురాలు, ఆమె తల్లి, అన్న, బిడ్డ. రెండవ భాగం చివర ఫౌస్టు సముద్రాన్ని వెనక్కు నెట్టి కొత్త భూమి తీసే అధికారి. ఒక ముసలి దంపతుల చిన్న స్థలం అతని కంటికి అడ్డుగా ఉంటుంది. వారి గుడిసె కాలిపోతుంది, వారు చనిపోతారు. ఆ ఘట్టంలో గేటే స్వయంగా నాబోతు ద్రాక్షతోటను ప్రస్తావించాడు.

1 రాజులు 21లో అహాబు ఏ పత్రమూ సాతానుకు రాయలేదు. తాకీదులు రాసింది యెజెబెలు, ముద్ర మాత్రం రాజుది. ప్రాణం పోయింది నాబోతుది. అయినా ఏలీయా వచ్చి అమ్ముడుపోయినవాడు అహాబే అని తీర్పు చెప్పాడు (20వ వచనం). రెండు రకాల కథలు ఇక్కడ కలుస్తాయి. ఎదుటివాని తలను వెలగా పెట్టిన క్షణమే మనిషి తన ఆత్మను అమ్ముకున్నాడు. ముప్పది వెండి నాణెములకు యూదా అమ్మింది ప్రభువును, పోగొట్టుకున్నది తన్ను.

భద్రాచలం అడవి అంచున ఉన్న మనకు ఇది దూరపు కథ కాదు. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో 1/70 నిబంధన తేవలసి వచ్చిందంటే, నాబోతులు ఎందరుండి ఉంటారో ఆలోచించండి. ఆ భూములు వెళ్లింది మంత్రాలతో కాదు, అప్పు కాగితాలతో, వేలిముద్రలతో.

4. కొండమీది బేరం

అరణ్యంలో అపవాది ప్రభువుకు లోకరాజ్యాలన్నిటినీ చూపి సాగిలపడమన్నాడు (మత్తయి 4:8-10). ఇక్కడా అడిగింది వంగిన మెడే. ఆ రాజ్యాల్లోని ప్రజల ఊసు అపవాది ఎత్తలేదు. అతనికి వారు సరుకు మాత్రమే. ప్రభువు ఆ బేరాన్ని తిరస్కరించాడు. తరువాత యాకోబు, యోహానులు కుడి ఎడమల స్థానాలు అడిగినప్పుడు, తాను అనేకులకు ప్రతిగా తన ప్రాణాన్నే వెలగా ఇవ్వడానికి వచ్చానని తెలియజేశాడు (మార్కు 10:35-45). సాతాను బేరంలో నేను ఎదగడానికి మరొకడు చెల్లిస్తాడు. సిలువలో మరొకడు బ్రతకడానికి ప్రభువు చెల్లించాడు.

ముగింపు

ఆశయం పాపం కాదు. మంచి సంఘం, మంచి మందిరం, పై చదువు కోరుకోవచ్చు. కాని కమిటీ ఎన్నిక గెలిచినప్పుడు ఎవరి పరువు పోయింది? మందిరం లేచినప్పుడు ఏ కూలివాని బాకీ మిగిలింది? మన పిల్లల చదువుకు సంఘంలోని ఏ పేదరాలి కానుక కరిగింది? సాతాను పేరు ఎత్తకుండానే ఈ బేరాలు జరుగుతాయి.

ఆ విశ్వాసిని మళ్లీ కలిసినప్పుడు మేము మంత్రాల గురించి మాట్లాడలేదు. మీ వదిన భూమి విడిపించావా అని అడిగాము. అతడు చాలాసేపు తల దించుకొని కూర్చున్నాడు. మా మొదటి బోధకంటే ఆ ప్రశ్నే అతనికి వాక్యమైంది. సేవలో ఉన్న మనల్ని కూడా ఎవరో ఒకరు అలా అడగాలి. అడిగేవారు లేకపోతే, అహాబు దగ్గరకు ఏలీయాను పంపిన దేవుడు మన దగ్గరకూ ఎవరినైనా పంపాలని ప్రార్థిద్దాం.