హరిత పాఠశాల భవనం

తక్కువ విద్యుత్తుతో నడుస్తూ, విద్యార్థులకు చాలినంత వెలుతురు, స్వచ్ఛమైన గాలి, ఓర్చుకోదగిన ఉష్ణోగ్రత, పరిశుభ్రమైన నీరు అందేలా నిర్మించి నిర్వహించే బడి భవనాన్ని హరిత పాఠశాల భవనం అంటారు. పైకప్పు మీద సౌర ఫలకాలు అమర్చిన ప్రతి భవనాన్నీ ఈ పేరుతో పిలవడం వాడుకలోకి వచ్చింది కానీ, ఫలకాల కంటే ముందు చూడవలసినవి గోడల దిశ, కిటికీల చోటు, కప్పు రంగు. భారతీయ హరిత భవన మండలి పాఠశాలలకు ప్రత్యేకంగా రేటింగు ఇస్తుంది. దీని ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది.

చరిత్ర

రవీంద్రనాథ్ ఠాగూరు 1901లో శాంతినికేతనంలో చెట్ల నీడన తరగతులు ప్రారంభించాడు. 1904లో బెర్లిన్ సమీపాన షార్లాటెన్‌బర్గ్‌లో బలహీనులైన, క్షయ సోకే ప్రమాదమున్న పిల్లల కోసం ఆరుబయలు బడి వెలసింది. తరువాత ఇటువంటివి ఐరోపాలో అనేకం వచ్చాయి.

మన దేశంలో బడి భవనాల భద్రతపై విస్తృత చర్చకు కారణమైనది 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో జరిగిన దుర్ఘటన. వంటగదిలో పుట్టిన మంట తాటాకు కప్పుకు అంటుకొని 94 మంది పిల్లలు మరణించారు. 2009 నాటి విద్యా హక్కు చట్టం అన్ని కాలాలకూ తట్టుకునే భవనం, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, మంచినీరు, వంటగది ఉండాలని నిర్దేశించింది. అయితే గదిలో వేడి ఎంతవరకు ఉండవచ్చు, గాలి ఎంత ఆడాలి అన్న కొలతలు ఆ చట్టపు షెడ్యూలులో లేవు. ఇది లోపమనే చెప్పాలి.

దిశ, కిటికీలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సుమారు 13 నుండి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉన్నాయి. వేసవి మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఉదయం తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ ఏటవాలు ఎండకు కాగుతాయి. ఈ ఏటవాలు ఎండను సజ్జా ఆపలేదు. అందువల్ల భవనం పొడవు తూర్పు పడమరలుగా ఉండి, కిటికీలు ఉత్తర దక్షిణాలకు ఎదురెదురుగా ఉండడం మేలు. మెట్లు, సామాను గదులు పడమటి వైపున పెడితే అవే తరగతి గదికి గొడుగవుతాయి. దక్షిణపు గోడకు వరండా ఉంటే చాలు. పాత బడులలోని పొడవాటి వరండాలు చేసిన పని ఇదే. నేటి కట్టడాలలో స్థలం కలిసివస్తుందని వాటిని తొలగించడం విచారకరం.

వెలుతురు విద్యార్థి ఎడమవైపు నుండి పడితే కుడిచేతితో రాసేవారి నోటు పుస్తకంపై చేతి నీడ పడదు. నల్లబల్ల పక్కనే కిటికీ ఉంటే, ఆ మెరుపుకు చివరి బెంచీల వారికి అక్షరాలు కనిపించవు.

పైకప్పు

మన ప్రాంతంలో గదిలోకి వేడి ఎక్కువగా వచ్చేది కప్పు నుండే. కాంక్రీటు పగలంతా వేడిని పీల్చుకొని మధ్యాహ్నం తరువాత గదిలోకి వదులుతుంది. రేకుల షెడ్డు పది గంటలకే కాగుతుంది. మార్చిలోనే ఒంటిపూట బడులు పెట్టవలసి రావడానికి ఎండతో పాటు ఈ కప్పులూ కారణమే. తెల్లని సున్నం, తెల్ల పెంకు ముక్కలు, ఎండను తిప్పికొట్టే రంగులు చౌకైన ఉపాయాలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది.

రేకుల కప్పు తప్పనిసరి అయినప్పుడు బుర్కినా ఫాసోలోని గాండో గ్రామపు బడి మంచి ఉదాహరణ. ఆ ఊరివాడే అయిన వాస్తుశిల్పి ఫ్రాన్సిస్ కెరే 2001లో దీనిని మట్టి ఇటుకలతో కట్టించాడు. ఇటుకల లోకప్పుకు పైన కొంత ఎత్తులో రేకులను నిలిపాడు. రెండింటి మధ్య వీచే గాలి వేడిని ఊడ్చుకుపోతుంది. ఈ బడికి 2004లో ఆగాఖాన్ పురస్కారం, కెరేకు 2022లో ప్రిట్జ్‌కర్ బహుమతి లభించాయి.

పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్ ఉంటుంది. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది. వాటిని పగలగొట్టడం, రంధ్రాలు వేయడం ప్రమాదకరం. తొలగించేటప్పుడు తడిపి, పిల్లలు లేని రోజుల్లో తీయించాలి.

గాలి

బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు సుమారు 420 భాగాలు. తలుపులు మూసిన, కిక్కిరిసిన గదిలో ఇది 1000 దాటితే గాలి మారడం లేదని గుర్తు. ఈ విషయం కోవిడ్-19 కాలంలో అందరి దృష్టికీ వచ్చింది. పంకా ఉన్న గాలినే తిప్పుతుంది, కొత్త గాలిని తేదు. కిటికీకి అడ్డంగా బీరువా పెట్టడం, దోమతెరలను ఏళ్ళ తరబడి కడగకపోవడం అనేక బడులలో కనిపిస్తుంది. మధ్యాహ్న భోజనం కట్టెల పొయ్యిపై వండేచోట గాలివాలు చూసుకోకపోతే పొగంతా తరగతులలోకి చేరుతుంది.

విద్యుత్తు

సాధారణ పంకాకు సుమారు 75 వాట్లు, బీఎల్‌డీసీ మోటారు పంకాకు సుమారు 30 వాట్లు అవసరం. నాలుగు పంకాలున్న గదిలో రోజుకు 6 గంటల చొప్పున, 220 పనిదినాలకు లెక్కిస్తే పాత పంకాలు 396 యూనిట్లు, కొత్తవి సుమారు 158 యూనిట్లు వాడతాయి. ఇరవై గదుల ఉన్నత పాఠశాలలో ఆదా ఎంతో విద్యార్థుల చేతనే లెక్క కట్టించవచ్చు. బడి పగలు నడుస్తుంది కనుక సౌర విద్యుత్తు దానికి బాగా అమరుతుంది. సెలవుల్లో మిగిలేది గ్రిడ్‌కు పోయే ఏర్పాటు ఉండాలి.

నిర్వహణ

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన మనబడి నాడు-నేడు, తెలంగాణలో 2022లో మొదలైన మన ఊరు మన బడి పథకాల కింద మరుగుదొడ్లు, నీటి సరఫరా, విద్యుదీకరణ, మరమ్మతులు చేపట్టారు. కట్టిన మరుగుదొడ్డికి నీరు, శుభ్రం చేసే మనిషి లేకపోతే దానికి తాళం పడుతుంది. అప్పుడు ఆడపిల్లలు రోజంతా నీళ్ళు తాగకుండా గడుపుతారు.

శీతల ప్రదేశాలలో

చలి ప్రాంతాలలో పద్ధతి తారుమారవుతుంది. లడఖ్‌లోని షే గ్రామంలో ఉన్న డ్రుక్ పద్మ కార్పో పాఠశాల తరగతులను ఉదయపు ఎండ లోపలికి వచ్చేలా నిర్మించారు. వసతి గృహాల దక్షిణపు గోడలు పగటి వేడిని దాచుకొని రాత్రి గదులకు ఇస్తాయి. నీటి కొరత వల్ల అక్కడ నీరు అవసరం లేని మరుగుదొడ్లు కట్టారు. 2009లో వచ్చిన హిందీ చిత్రం త్రీ ఇడియట్స్‌లో కనిపించే బడి ఇదే.