అడవి ప్రయాణంలో రివాల్వర్: నల్లమల ప్రాంతం

రివాల్వర్ అనేది ఒంటిచేత్తో పేల్చగల పొట్టి తుపాకీ. ఇందులో తూటాలు సిలిండర్ అనే తిరిగే చక్రంలోని గదులలో ఉండి, పేల్చినప్పుడల్లా ఒక్కో గది గొట్టానికి ఎదురుగా వస్తుంది. వన్యమృగాల నుంచి ఆత్మరక్షణకని దీనిని నడుముకు కట్టుకొని అడవులలో తిరిగే అలవాటు ప్రధానంగా అమెరికాలోనిది. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి 2016 అక్టోబరు 11న విడివడిన నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలలో మాత్రం తుపాకీని ఎలా మోయాలన్నది తరువాతి సంగతి. ఏ హద్దు దాటితే మోయడమే నేరమవుతుందన్నది ముందు తెలియవలసిన విషయం.

కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డగా పేరొందిన గద్వాల ప్రధానంగా సాగుభూమి. దట్టమైన నల్లమల అడవి నాగర్‌కర్నూల్ జిల్లాలో, మన్ననూరు, అమ్రాబాద్, ఫర్హాబాద్‌ల వైపున ఉంది. ఒకప్పుడు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగమైన ఈ అడవి, రాష్ట్ర విభజన తరువాత 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. ఇక్కడి చెంచులు తరతరాలుగా విల్లంబులతోనే అడవిలో తిరిగారని మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1943లో వెలువరించిన గ్రంథం వివరిస్తుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 31వ సెక్షన్ ప్రకారం, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి నుంచి ముందుగా రాతపూర్వక అనుమతి పొందనిదే ఎవరూ ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టరాదు. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఈ అనుమతి వచ్చినట్లు కాదు. 34వ సెక్షన్ అడవి వెలుపలికి కూడా చేయి చాస్తుంది: అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల నివసించే లైసెన్సుదారులు తమ పేర్లు నమోదు చేయించుకోవాలి, ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే వార్డెన్ సమ్మతి ఉండాలి. అన్నిటికన్నా జాగ్రత్తగా చదవవలసినది 11వ సెక్షన్. ప్రాణరక్షణకై సద్భావంతో మృగాన్ని చంపడం, గాయపరచడం నేరం కాదని చెబుతూనే, ఆ క్షణంలో చట్టాన్ని ఉల్లంఘిస్తున్నవారికి ఆ మినహాయింపు వర్తించదని అది షరతు పెడుతుంది. అంటే అనుమతి లేకుండా రివాల్వర్‌తో లోపలికి వెళ్లి, మీదపడిన ఎలుగుబంటిని కాల్చిన వ్యక్తి ఆత్మరక్షణ అనే వాదననే పోగొట్టుకుంటాడు.

రివాల్వర్ కలిగి ఉండటానికి 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు కావాలి. పౌరులకు సాధారణంగా దొరికేది నిషిద్ధం కాని .32 బోరు, బోరు అంటే గొట్టపు లోపలి వ్యాసం కొలత. ఆ కోవకు చెందిన, 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం విడుదల చేసిన ‘నిర్భీక్’ రివాల్వర్ బరువు దాదాపు అర కిలో. లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది. 2019 సవరణ ఒక్కొక్కరికి ఉండగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. బహిరంగ స్థలాలలో చేతి తుపాకీని ఒరలోనో సంచిలోనో పూర్తిగా కప్పి, తన అదుపులో ఉంచుకొని మాత్రమే తీసుకువెళ్లాలని 2016 ఆయుధ నియమాలు చెబుతాయి.

అనుమతి ఉన్నవారికి సైతం సొంత తుపాకీ నుంచే ప్రమాదం రావచ్చు. ట్రిగర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒర, జారిపోకుండా పట్టీ ఉండాలి. గొట్టం మనుషుల వైపు తిరగకూడదు, కాల్చే నిర్ణయం కాకముందు వేలు ట్రిగర్ మీదికి వెళ్లకూడదు. పాత రకం రివాల్వర్లలో తూటాను కొట్టి పేల్చే సుత్తి నేరుగా తూటా మీద ఆనుకొని ఉంటుంది గనుక, రాళ్ల మీద కింద పడితే దానంతటదే పేలవచ్చు. అందుకే సుత్తి కింది గదిని ఖాళీగా వదలడం చిరకాలపు ఆచారం. వాహనం ఎక్కేముందు సిలిండర్ తెరిచి తూటాలు తీసి, తుపాకీనీ తూటాలనూ వేరువేరుగా ఉంచాలి.

ఇంత చేసినా .32 తూటా పొదలోంచి హఠాత్తుగా దూకే ఎలుగును అక్కడికక్కడే ఆపుతుందన్న భరోసా లేదు. చూపు మందంగా ఉండే ఎలుగు మనిషి దగ్గరికి వచ్చేదాకా పసిగట్టలేక, బెదిరి మీదపడుతుంది. గాయపడితే మరింత ప్రమాదకరం. ఎలుగులు తినే ఇప్పపూలు రాలే ఎండాకాలంలో గుంపుగా, మాటల అలికిడితో, వెలుతురు ఉండగానే నడవడం అంతకన్నా నమ్మదగిన రక్షణ.

ముందు చెప్పిన అలవాటున్న అమెరికాలో 2010 నుంచి జాతీయ ఉద్యానవనాలలో ఆయా రాష్ట్రాల చట్టాలకు లోబడి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. అయితే అక్కడ విద్యార్థి, ఉద్యోగ వీసాలపై ఉన్న తెలుగువారికి, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ కలిగి ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం.

నల్లమలలో చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకో, మల్లెలతీర్థం చూడటానికో వెళ్లే లైసెన్సుదారు రివాల్వర్‌ను ఇంటి ఇనుప బీరువాలో తాళం వేసి వెళ్లడమే సరైన పని. వన్యప్రాణి చట్టం కింద శిక్ష పడితే, ఆ నేరానికి వాడిన తుపాకీ లైసెన్సును రద్దుచేసి, ఐదేళ్లపాటు మళ్లీ పొందే అర్హత లేకుండా చేసే అధికారం కోర్టుకు ఉంది.