తేయాకు కుళ్లింది, పింగాణీ మిగిలింది

మన ఇళ్లల్లో నానీమాల నాటి చీనీ రికాబీలు పాత సామాన్లవాడి పాలవుతున్నాయి. అమ్మీ పెళ్లినాటివి మేమూ అలాగే పోగొట్టుకున్నాం. ఇక ఈ చరిత్ర వినండి.

చైనా నుంచి హాలెండుకు బయల్దేరిన గెల్డర్‌మాల్సెన్ అనే డచ్చి ఓడ 1752లో దక్షిణ చైనా సముద్రంలో మునిగింది. ఆనాడు సరుకులో పెద్ద వెల తేయాకుది. పింగాణీది చిన్న వాటా. 1985లో మైకేల్ హాచర్ బృందం ఆ పింగాణీని పైకి తీసింది. 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రిస్టీస్ వారు లక్షకు పైగా పాత్రలు వేలం వేస్తే సుమారు కోటి పౌన్లు వచ్చాయి! చాలామట్టుకు అవి మామూలు వాడకపు కప్పులు, పళ్లేలే. ఓడ కథే వాటికి ధర తెచ్చింది.

కనుక అమ్మేముందు అడుగున ముద్ర చూడండి, వేలితో మీటండి. ఖంగుమంటే మేలు, బొంగురుగా పలికితే బీట ఉన్నట్టే. సెట్టు విడదీయకండి. అది ఎవరిదో, ఎప్పటిదో పిల్లలకు చెప్పండి. మనం ఆ మాట మరిచిపోతే మిగిలేది ఉత్త పళ్లెమే.